సముద్రం లేని చోట సీగల్ ఏం తింటుంది? ధర్మాబాద్ గోదావరి చెప్పే లెక్క

క్లుప్తంగా: మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దు దగ్గర, గోదావరి మీద చలికాలంలో కనిపించే సీగల్స్ దారి తప్పి వచ్చినవి కావు. తుఫానుకు సూచన అంతకన్నా కాదు. లద్దాఖ్, మధ్య ఆసియా చెరువుల నుంచి ఏటా వచ్చే వలస పక్షులివి. ఇవి లోతుకు మునగలేవు కాబట్టి తిండి నీటి పైపొరకో, ఒడ్డుకో వస్తేనే వీటికి దక్కుతుంది. సముద్రం దగ్గర ఆ పని ఆటుపోట్లు చేస్తాయి. గోదావరి మీద ఆ పని బ్యారేజీ గేట్లు, వలలు, తోటి పక్షులు, ఘాట్ల దగ్గర మనుషులు చేస్తారు.

నాందేడ్ నుంచి ఏ దిక్కుకు గీత గీసినా సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే కార్తీక స్నానాల రోజుల్లో ధర్మాబాద్, బిలోలి వైపు నది మీద తెల్లటి సీగల్స్ గుంపు కనిపిస్తే జనం ఫోన్లు తీస్తారు. ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లగానే మూడు ప్రశ్నలు మొదలవుతాయి. సముద్రపు పక్షికి ఇక్కడేం పని? తుఫాను ఏమైనా తరుముకొచ్చిందా? ఉప్పునీటి చేప తినే పక్షి గోదావరిలో ఏం తిని బతుకుతుంది? మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి రెండూ వాటంతట అవే తేలిపోతాయి.

పేరులోనే ఉంది పొరపాటు

సీగల్ అన్న మాటలో సముద్రం ఉంది గానీ ఈ పక్షి జీవితంలో సముద్రం ఒక మజిలీ మాత్రమే. దక్కన్ జలాశయాలకు వచ్చే వాటిలో తరచూ కనిపించేది బ్రౌన్ హెడెడ్ గల్. ఇది గుడ్లు పెట్టేది లద్దాఖ్, టిబెట్, పామీర్ పీఠభూముల్లోని చెరువుల దగ్గర. లద్దాఖ్‌లోని త్సో మొరిరి సరస్సు సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. పిల్లల్ని పెంచే నెలల్లో ఈ పక్షి సముద్రం ముఖమే చూడదు. బ్లాక్ హెడెడ్ గల్ కూడా యూరప్, ఆసియాల్లో ఎక్కువగా లోతట్టు చిత్తడి నేలల్లోనే గూడు కడుతుంది. వీటన్నిటికంటే పెద్దది పల్లాసెస్ గల్. కాస్పియన్ తీరం నుంచి మంగోలియా దాకా సరస్సుల మధ్య దీవుల్లో పిల్లల్ని చేస్తుంది. ఇలాంటి పక్షికి గోదావరి మీద జాయక్‌వాడీ నుంచి శ్రీరాంసాగర్ దాకా గొలుసుకట్టుగా ఉన్న జలాశయాలు పరాయి చోటు కాదు.

తుఫాను సంగతి పూర్తిగా గాలి మాటేం కాదు. నడిసముద్రంలో తిరిగే సూటీ టెర్న్ లాంటి పక్షులను తుఫాను గాలులు భూమి మీదకు చాలా దూరం మోసుకొచ్చిన ఘటనలు ఉన్నాయి. అలా వచ్చే పక్షి ఒంటరిగా, అలిసిపోయి, వాన వెలిసిన ఒకటి రెండు రోజుల్లో దొరుకుతుంది. అక్టోబర్‌లో వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా గుంపుగా హాయిగా తింటూ ఉండే సీగల్స్‌కూ దానికీ సంబంధం లేదు.

ఉప్పు ప్రశ్నకూ జవాబు సులువే. సీగల్స్‌కు కళ్ల పైభాగంలో ఉప్పును వడకట్టి ముక్కు గుండా బయటికి పంపే గ్రంథులు ఉంటాయి. ఉప్పునీళ్లు తాగాల్సి వస్తే అవి పనిచేస్తాయి, మంచినీళ్లు దొరికే చోట వాటికి పెద్దగా పని ఉండదు. అంటే ఈ పక్షికి ఉప్పునీటిని తట్టుకునే ఏర్పాటు ఉంది గానీ, ఉప్పునీరు లేకపోతే బతకలేని పరిస్థితి లేదు.

ముందు టెర్న్‌ను పక్కన పెట్టాలి

తిండి గురించి మాట్లాడే ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. గోదావరి మీద తెల్లగా ఎగిరేదల్లా సీగల్ కాదు. ఏడాది పొడవునా ఇక్కడే ఉండే రివర్ టెర్న్‌ను చాలామంది సీగల్ అనుకుంటారు. టెర్న్ సన్నగా ఉంటుంది, ముక్కు పసుపు, తోక కత్తెరలా చీలి ఉంటుంది. గాల్లో ఒక్క క్షణం ఆగి, రాయి పడ్డట్టు నీళ్లలోకి దూకి చేపతో పైకి లేస్తుంది. నీటి మీద కూర్చుని తేలడం దానికి పెద్దగా అలవాటు లేదు. సీగల్‌కు రెక్క వెడల్పు, ముక్కు మందం, తోక చివర తిన్నగా ఉంటుంది. బాతులా గంటల తరబడి నీటి మీద తేలుతుంది. ఇక నీటికాకి నల్లటి పక్షి, పూర్తిగా మునిగి వేటాడుతుంది. నీటికాకినీ సీగల్‌నూ కలిపేసి ‘సముద్రపు నీటికాకి’ అనడం మాత్రం మరీ విడ్డూరం.

చలికాలంలో బ్రౌన్ హెడెడ్ గల్ తలకు ఆ పేరులోని గోధుమరంగు ఉండదు. తల తెల్లగా, కంటి వెనక ఒక నల్లటి మచ్చతో ఉంటుంది. రెక్క చివర నలుపులో తెల్లటి చుక్కలు ఉంటే ఇది, రెక్క ముందు అంచు పొడుగునా తెల్లటి పట్టీ ఉంటే బ్లాక్ హెడెడ్. తోక చివర నల్లటి గీత కనిపిస్తే అది మొదటి చలికాలం చూస్తున్న పిల్ల పక్షి. ఈ చివరి గుర్తు తిండి లెక్కల్లో బాగా పనికొస్తుంది.

తేలే ఒళ్లు, అందని చేప

సీగల్ తిండి అలవాట్లన్నిటికీ మూలం దాని ఒంటి తీరులో ఉంది. తేలికైన ఒళ్లు, గాలిని పట్టే ఈకలు. ఎంత గట్టిగా దూకినా ఒళ్లు మునిగేదాకా వెళ్తుందేమో గానీ నీటికాకిలా చేపను వెంటాడుతూ లోపల ఈదలేదు. కాబట్టి జలాశయంలో ఎన్ని టన్నుల చేపలున్నా సీగల్‌కు లెక్కలోకి వచ్చేది పైన ఉన్న జానెడు నీరే.

ఆ జానెడు నీటిలోకి చేప తనంతట తాను ఎప్పుడో గానీ రాదు. ఏదో ఒకటి దాన్ని కదపాలి. లేదా నీరే తగ్గిపోయి చేపను, పురుగును, నత్తను బయట పెట్టాలి. సముద్రం ఒడ్డున ఇది సాధారణంగా రోజుకు రెండుసార్లు జరుగుతుంది. ఆటు వచ్చినప్పుడు ఇసుక బయటపడుతుంది, పక్షులు దిగుతాయి. గోదావరికి ఆటుపోట్లు లేవు. మరి సీగల్ ఇక్కడ ఐదారు నెలలు ఎలా గడుపుతోంది? ఆటుపోట్ల పనిని ఇక్కడ నలుగురు పంచుకున్నారు, అందులో ఇద్దరు మనుషులే.

బాబ్లీ గేట్ల క్యాలెండర్

మొదటి ఆటు బ్యారేజీది. ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ బ్యారేజీ సరిహద్దుకు ఏడు కిలోమీటర్ల ఎగువన, శ్రీరాంసాగర్ ముంపు పరిధిలోనే ఉంది. మహారాష్ట్ర, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల వివాదంలో సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకు దాని గేట్లు ఎత్తి ఉంచాలి. ఆ తర్వాత మూసుకోవచ్చు. మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని కిందికి వదలాలి.

నీటి పంపకం కోసం రాసిన ఈ తేదీలు వలస పక్షుల రాకపోకలకు విచిత్రంగా కలిసొచ్చాయి. సీగల్స్ దిగే రోజుల్లోనే గేట్లు పడతాయి, ఎగువన నీరు నిలకడ అవుతుంది. వరదకాలపు ఎర్రనీళ్లు తేరుకుంటాయి. నీరు తేటపడితే పైనుంచి చూసి వేటాడే పక్షికి పని సులువు. అటు దిగువన శ్రీరాంసాగర్ 1,091 అడుగుల పూర్తి మట్టం నుంచి యాసంగి సాగుకు నీరు ఇస్తూ వారం వారం తగ్గుతుంది. తగ్గిన ప్రతి అడుగుకూ అంచుల వెంబడి బురద బయటపడుతుంది. అందులో నత్తలు, పురుగుల లార్వాలు, గుంటల్లో చిక్కుకున్న పరక చేపలు ఉంటాయి.

సముద్రపు ఆటు ఆరు గంటల్లో అయిపోతే ఈ ఆటు నాలుగైదు నెలలు సాగుతుంది. తేడా ఏమిటంటే సముద్రపు ఒడ్డు ప్రతిరోజూ మళ్లీ నిండుతుంది, ఇక్కడ ఒకసారి ఎండిన అంచు మళ్లీ వానలదాకా నిండదు. ఆ నేలలో శిఖం సాగు మొదలవుతుంది, శనగో జొన్నో పడుతుంది. సీగల్ నీటి గీతను పట్టుకుని దానితోపాటే లోపలికి జరగాలి. డిసెంబర్‌లో ఒక రేవు దగ్గర కనిపించిన గుంపు ఫిబ్రవరికి అక్కడ లేకపోతే వెళ్లిపోయినట్టు కాదు, నీటి వెంట జరిగినట్టు.

వల పైకి వచ్చే పది నిమిషాలు

రెండో ఆటు వల. పొద్దున్నే మంచు విడవకముందు థర్మకోల్ తెప్ప మీద ఒక మనిషి రాత్రి వేసిన వల ఎత్తుతుంటాడు. అప్పటిదాకా అటూ ఇటూ తేలుతున్న సీగల్స్‌లో ఒకటి లేచి తెప్ప మీదుగా చక్కర్లు కొడుతుంది. అది చక్కర్లు కొట్టడమే మిగతావాటికి పిలుపు. వేట కంటే ముందు తోటి పక్షి ఎటు చూస్తోందో గమనించడం సీగల్ పద్ధతి. తెల్లటి ఒళ్లు దూరానికి కూడా కనిపిస్తుంది కాబట్టి నిమిషాల్లో పదీ ఇరవై చేరతాయి.

వలలో రవ్వ, బొచ్చ లాంటి పెద్ద చేపలు మనిషివి. సీగల్ వాటి జోలికి పోదు, మింగలేదు కూడా. దానికి కావాల్సింది వల కంతల్లోంచి జారే చందమామ, పరక లాంటి చిన్న చేపలు, అమ్మకానికి పనికిరావని విసిరేసే చిన్నచేప, చచ్చి తేలినవి. చేపను తల వైపు నుంచే మింగాలి, అడ్డంగా పడితే పొలుసులు, ముళ్లు గొంతుకు అడ్డం తగులుతాయి. ముఖ్యంగా జెల్లతో పేచీ. వీపు మీదా పక్కలా దాని ముళ్లు నిటారుగా నిలబడి బిగుసుకుంటాయి. అలాంటిది దొరికిన పక్షి దాన్ని నీళ్ల మీద వదిలి మళ్లీ పట్టి, తల తనవైపు తిప్పుకోవడానికి తంటాలు పడుతుంది. ఆ రెండు మూడు సెకన్లలోనే పక్క పక్షి తన్నుకుపోతుంది. తోకకు నల్ల గీత ఉన్న పిల్ల పక్షులు ఇలా ఎక్కువగా పోగొట్టుకుంటాయి. చేప పట్టడం కంటే పట్టిన చేపను తిప్పుకుని మింగడం నేర్చుకోవడానికే వాటికి కాలం పడుతుంది.

తెప్ప ఒడ్డుకు చేరాక చేపలు కడిగే చోట పేగులు, పొలుసులు పడతాయి. అక్కడ పోటీ మారిపోతుంది. నీటి మీద సీగల్‌ది పైచేయి అయితే ఒడ్డున కుక్క, కాకి, గద్ద ముందుంటాయి.

దొంగతనం కూడా ఒక పనే

మూడో ఆటు తోటి పక్షులు. నీటికాకులు వరుసకట్టి మునిగితే కింద ఉన్న చిన్నచేప బెదిరి పైకి వస్తుంది. పైన సీగల్స్ కాచుకుని ఉంటాయి. కొన్నిసార్లు అంత కష్టం కూడా పడవు. నీటికాకి చేపతో పైకి తేలగానే మీద పడి వదిలేదాకా వెంటపడతాయి.

దీని వెనక గట్టి లెక్కే ఉంది. బ్రిటన్ పొలాల్లో బ్లాక్ హెడెడ్ గల్స్ చితువల వంటి నేల పక్షుల గుంపులో నిలబడి, అవి వానపామును బయటికి లాగిన క్షణంలో లాక్కోవడాన్ని పరిశోధకులు వివరంగా చూశారు. దోచుకోవాలంటే సరుకు పైకి కనిపించాలి, అవతలి పక్షి దాన్ని మింగడానికి కొంత సమయం పట్టాలి. చిన్న పురుగును గుటుక్కున మింగే పక్షిని వెంటాడటం దండగ. అందుకే సీగల్ ప్రతి పక్షి వెంటా పడదు. ముక్కుకు అడ్డంగా చేప వేలాడుతున్న నీటికాకి, టెర్న్‌ల మీదే కన్నేస్తుంది. పల్లాసెస్ గల్ ఉంటే అది ఈ చిన్న సీగల్స్‌నే దోచుకోగలదు. దొంగను దోచే గజదొంగ అన్నమాట.

ట్రాక్టర్ వెనక చోటు లేదు

యూరప్‌లో దున్నుతున్న ట్రాక్టర్ వెనక తెల్లటి సీగల్స్ గుంపు మామూలు దృశ్యం. అమెరికాలో యూటా రాష్ట్రంలో 1848లో పంటల మీద పడిన పురుగుల దండును కాలిఫోర్నియా గల్స్ తిన్నందుకు సాల్ట్ లేక్ సిటీలో వాటికి ఏకంగా స్మారక స్తంభమే నిలబెట్టారు. ఆ ఊరూ సముద్రానికి బాగా దూరమే. బ్రౌన్ హెడెడ్ గల్ కూడా పురుగులు, వానపాములు, నత్తలు తినే పక్షే. మరి ధర్మాబాద్ నల్లరేగడిలో ట్రాక్టర్ వెనక సీగల్స్ ఎందుకు కనిపించవు?

చోటు ముందే నిండిపోయింది. తెల్లకొంగలు, గోరింకలు, కాకులు, ఏట్రింతలు ఏడాది పొడవునా ఇక్కడే ఉండి ఆ పని చేస్తున్నాయి. చెత్తకుప్పల సంగతీ అంతే. పాశ్చాత్య నగరాల్లో డంపింగ్ యార్డు సీగల్‌ది అయితే మన ఊళ్లలో అది గద్దది, కాకిది, కుక్కది. ఆరు నెలలకు వచ్చిపోయే చుట్టం పాత కాపుల నుంచి చోటు లాక్కోవడం కష్టం. అందుకే ఇక్కడి సీగల్ నీటి గీత దాటి పొలంలోకి పెద్దగా పోదు.

కాలం కూడా కలిసిరాదు. రెక్కల చీమలు గుంపుగా లేచిన రోజు యూరప్‌లో సీగల్స్ గాల్లోనే వాటిని పట్టి తింటాయి. మన దగ్గర ఉసిళ్లు జోరుగా లేచేది తొలకరికి. అప్పటికి ఇవి లద్దాఖ్‌లోనో ఇంకా అవతలో ఉంటాయి.

గోపాల్‌పూర్‌తో పోలిస్తే

ఇదే పక్షి ఒడిశా సరిహద్దులో, గంజాం తీరంలో ఎలా బతుకుతుందో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య మొగ దాకా తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలరుల ఊళ్లు ఉన్నాయి. అక్కడ ఇసుక మీద ఆటు ఉంది, నది మొగ ఉంది, నెత్తళ్లు, కవ్వళ్లతో ఒడ్డెక్కే పడవలున్నాయి. వెనక చిలికా ఉంది. 1981లో మన దేశం నుంచి రామ్‌సర్ జాబితాకెక్కిన తొలి చిత్తడి నేలల్లో ఒకటైన ఆ సరస్సులో, ఇటీవలి ఏళ్ల జనవరి లెక్కల్లో పది లక్షలకు పైగా పక్షులు తేలుతున్నాయి. సీగల్‌కు అక్కడ ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉంటుంది. సముద్రం పోటెత్తి వేట బంద్ అయితే సరస్సులోకి జరుగుతుంది.

ధర్మాబాద్ దగ్గర అలాంటి ప్రత్యామ్నాయాలు తక్కువ. నాలుగు రోజులు వల పడకపోతే, నీటి మట్టం కదలకపోతే పైపొర తిండి సన్నగిల్లుతుంది. లోతట్టు సీగల్స్ గుంపులు చిన్నవిగా, ఎప్పుడూ చోటు మారుతూ ఉండటానికి ఇదొక కారణం. ఘాట్ మీద మనిషి చేతి వైపు అవి అంత తొందరగా మళ్లడానికి కూడా ఇదే కారణం.

ఘాట్ మీద కారప్పూస

నాలుగో ఆటు ఈ చెయ్యే. మహారాష్ట్రలోనే ఉజని జలాశయం వెనక, భిగ్వాన్ దగ్గర పడవ ఎక్కినవాళ్లు ఫర్సాణ్ (మిక్చర్) విసిరితే సీగల్స్ ముఖాల మీదుగా ఎగరడం పర్యాటక ఆకర్షణ అయింది. ఢిల్లీ యమునా ఘాట్, ప్రయాగ సంగమం దగ్గరా ఇదే తంతు. స్నానాలకు జనం చేరే గోదావరి రేవుల్లో మురమురాలు, కారప్పూస, బూంది విసరడం ఇదే కోవలోకి వస్తుంది.

విసిరిన ముద్ద సీగల్‌కు అన్నివిధాలా అనువైన తిండి. తేలుతుంది, దూరానికి కనిపిస్తుంది, తప్పించుకోదు, ముళ్లుండవు. పైగా ఈ పక్షి మనిషి టైం‌టేబుల్‌ను పట్టేయగలదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు సీగల్స్‌కు జీపీఎస్ కట్టి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, అవి స్కూలు విరామ సమయానికి స్కూలుకూ, చెత్త కేంద్రం తెరిచే వేళకు అక్కడికీ చేరుతున్నట్టు తేలింది. తిండి దగ్గర కూర్చున్న మనిషి సూటిగా చూస్తే హెర్రింగ్ గల్స్ దగ్గరికి రావడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయని 2019లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. మనిషి ముఖం చదివే పక్షికి ఆదివారం, పౌర్ణమి తెలియడం పెద్ద విషయం కాదు.

నష్టం ఎక్కడుందంటే, ఉప్పు, నూనె నిండిన పిండి చేపకు బదులు కాదు. కడుపు నిండుతుంది గానీ మార్చిలో హిమాలయాల అవతలికి ఎగరడానికి కావాల్సిన సత్తువ దాంతో వస్తుందనుకోవడం పొరపాటు. పొట్లంతో సహా విసిరితే ప్లాస్టిక్ కూడా లోపలికి పోతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు గుమిగూడటం. విడివిడిగా తినే పక్షులను ఒకే చోట రెక్కకు రెక్క తగిలేలా చేర్చితే రోగం పాకడం తేలిక. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూకు వేల పక్షులు చనిపోయినప్పుడు వాటిలో పట్టీతల బాతులతోపాటు బ్రౌన్ హెడెడ్, పల్లాసెస్ గల్స్ కూడా ఉన్నాయి. నాందేడ్ పొరుగున పర్భణీ జిల్లాలో 2021 జనవరిలో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. దాన్ని సీగల్స్‌కు ముడిపెట్టడానికి ఆధారం లేదు. అయినా చచ్చిన కోళ్లను నీటి ఒడ్డున పారేసే అలవాటు, అదే ఒడ్డున పక్షులను గుంపు చేసే అలవాటు పక్కపక్కనే ఉండటం మంచిది కాదు.

చూసేదెలా

సీగల్ తిండిని లెక్కకట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. జంతు ప్రవర్తన అధ్యయనానికి 1973లో నోబెల్ పంచుకున్న నికో టింబర్గెన్ తన పనిలో పెద్ద భాగం సీగల్స్ గుంపుల దగ్గర కూర్చుని చూడటంతోనే చేశారు. ఇక్కడ ఒక మామూలు బైనాక్యులర్, నోటుబుక్కు చాలు. గుంపునంతా చూడబోతే కళ్లు తిప్పుకోవడంతోనే సరిపోతుంది. ఒక పక్షిని ఎంచుకుని ఐదు నిమిషాలు దాన్నే వెంటాడాలి. ఎన్నిసార్లు నీటికి ముక్కు తాకించింది, ఎన్నిసార్లు మింగింది, సరుకు ముక్కు పొడవుతో పోలిస్తే ఎంత, అది తానే పట్టిందా, లాక్కుందా, మనిషి విసిరాడా అన్నది రాసుకోవాలి. పక్కనే తేదీ, గంట, నీటి అంచు ఎక్కడుందో కూడా. బురదలో నిలబడి కాళ్లు గబగబా తొక్కుతుంటే అది ఆట కాదు, కింద ఉన్న పురుగులను కదిపి పైకి తెచ్చే ఉపాయం.

చూపుకు అందనిది నేల మీద దొరుకుతుంది. అరగని ముళ్లు, గుల్లలు, పురుగుల రెక్కలను సీగల్ ఉండగా చుట్టి కక్కేస్తుంది. అవి కూర్చునే రాళ్లు, ఇసుకదిబ్బల మీద ఇవి కనిపిస్తాయి. చేతితో కాకుండా పుల్లతో విప్పితే తిండి చిట్టా బయటపడుతుంది. మెత్తటి తిండి మాత్రం ఉండలో మిగలదు, కాబట్టి ఉండలు చూసి కారప్పూస తినలేదని తేల్చేయకూడదు. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకు ఇలాంటి నోట్సు జతచేస్తే ఎన్ని పక్షులన్న లెక్కకు, ఎందుకున్నాయన్న సంగతి తోడవుతుంది.

ఫిబ్రవరి చివరికి బ్రౌన్ హెడెడ్ గల్ తల మీద కాఫీ రంగు ముసుగు కమ్ముకోవడం మొదలవుతుంది. నీరు ఇంకా తగ్గి నది మధ్య ఇసుక మేటలు తేలతాయి. ఆ మేటల మీదే రివర్ టెర్న్ గుడ్లు పెడుతుంది. మార్చిలో సీగల్స్ ఒక్కో గుంపుగా ఉత్తరానికి లేస్తుంటే టెర్న్‌లు ఇసుకలో గుంటలు చేసుకుంటూ ఉంటాయి. నీరు మరీ తగ్గి మేట ఒడ్డుకు కలిసిపోతే మాత్రం, గుడ్ల దాకా కుక్కలు నడిచే వస్తాయి.